జీఆర్86కి డేటా లాగర్: కాటలిస్టా, సోలోనా, ఫోనూ రేస్‌బాక్సూ చాలా?

రెండో_గేర్ (ఫ్రీమాంట్, కాలిఫోర్నియా)

అందరికీ నమస్కారం. కారు టొయోటా జీఆర్86, మాన్యువల్. బ్రేక్ ప్యాడ్లు, ఫ్లూయిడ్ మార్చాను, ముందు చక్రాలకు కాస్త క్యాంబర్ (లోపలికి వాలు) పెట్టించాను, అంతే. టైర్లు 200 ట్రెడ్‌వేర్ రకం (పట్టు ఎక్కువ, త్వరగా అరిగేవి). ఎక్కువగా వెళ్లే రేస్ ట్రాక్ థండర్‌హిల్ ఈస్ట్, అప్పుడప్పుడు లగూనా సెకా. ఇంటర్మీడియట్ గ్రూపులోకి వచ్చాక పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్ ఉండటం లేదు. థండర్‌హిల్‌లో ల్యాప్‌కి (ఒక చుట్టుకి) 2 నిమిషాల 16 సెకన్లు, 2:16 దగ్గర ఇరుక్కుపోయాను. ఇదే కారు, ఇవే టైర్లతో 2:11 తిప్పేవాళ్లు ఉన్నారు. ఆ ఐదు సెకన్లు ఎక్కడ పారబోసుకుంటున్నానో తెలియడం లేదు.

అందుకే కారు ఎక్కడ ఎంత వేగంతో పోయిందో రికార్డ్ చేసే డేటా లాగర్ కొందామనుకుంటున్నాను, బడ్జెట్ వెయ్యి డాలర్ల దాకా. నేను చూసినవి మూడు: గార్మిన్ కాటలిస్ట్ (మొదటి మోడల్), ఎయిమ్ సోలో 2 డీఎల్, ఫోన్‌లో రేస్‌క్రోనో యాప్‌కి జతగా రేస్‌బాక్స్ మినీ అనే చిన్న జీపీఎస్ డబ్బా. వాడినవాళ్లు చెప్పండి. యూట్యూబ్ రివ్యూలన్నీ చూశాను, చూసినకొద్దీ అయోమయం పెరుగుతోంది.

పెన్నా_ఒడ్డు (డాలస్)

తమ్ముడూ, ఏది కొనాలో తర్వాత చూద్దాం. ముందు ఒకటి చెప్పు. సెషన్ అయ్యి పాడక్‌లోకి (కార్లు ఆపుకునే చోటుకి) వచ్చాక ఏం చేస్తావు?

నాకు తెలిసి జరిగేది ఇదీ. హెల్మెట్ తీస్తావు, టైర్ ప్రెషర్ చూస్తావు, నీళ్లు తాగుతావు, పక్క కారువాడితో కాసేపు కబుర్లు. ఈలోపు వీల్ నట్లు టార్క్ చూసుకోవాలి. తర్వాత గ్రూప్ మీటింగ్. మళ్లీ గ్రిడ్‌కి పిలుస్తారు. ఈ సందట్లో ఎండలో కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచి గ్రాఫులు చూసే ఓపిక నీకుందా? ఉంటే సోలో. లేకపోతే ఆ లాగర్‌లో డేటా చక్కగా చేరుతూనే ఉంటుంది, ఎవరూ చూడరు. మా గ్రూపులో అలాంటివి బోలెడు. డాష్ మీద ఖరీదైన డబ్బా ఉంటుంది, అందులోంచి ఒక్క ఫైలు కూడా ఎప్పుడూ బయటికి రాలేదు.

కాటలిస్ట్ గొప్పతనమంతా అక్కడే. కారు ఆపగానే అదే తెర మీద, ఎక్కువ టైం పోతున్న చోట్లు రెండు మూడు తీసి చూపిస్తుంది. డ్రైవ్ చేస్తుండగా చెవిలో చెప్తుంది కూడా. కెమెరా దాంతోనే వస్తుంది. 2020లో వచ్చినప్పుడు ధర వెయ్యి డాలర్లు.

లాటరల్_జీ (శాన్ హోసే)

పెన్నా గారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. మొదటి కాటలిస్ట్‌కి కారుతో సంబంధమే లేదు. క్యాన్ (కారులోని కంప్యూటర్లు మాట్లాడుకునే వైర్లు) కనెక్షన్ లేదు, ఓబీడీ (మెకానిక్ స్కానర్ పెట్టే పోర్టు) కనెక్షన్ లేదు. థ్రాటిల్ ఎంత తొక్కారో, బ్రేక్ ఎంత తొక్కారో దానికి తెలియదు. జీపీఎస్ వేగం, లోపలి యాక్సెలరోమీటర్, కెమెరా, ఇంతే. పైగా డేటా వాళ్ల పెట్టెలోనే ఉండిపోతుంది. వేరే డ్రైవర్ ల్యాప్‌ని మీ ల్యాప్ మీద పరిచి చూడాలంటే వాళ్ల పద్ధతిలోనే చూడాలి.

రేస్‌బాక్స్ మినీ 25 హెర్ట్జ్ జీపీఎస్, అంటే సెకనుకు 25 సార్లు కొలుస్తుంది. కాటలిస్ట్ 10 హెర్ట్జ్. ధర కాటలిస్ట్‌లో మూడో వంతు కూడా ఉండదు. రేస్‌క్రోనో ప్రోకి అయ్యేది రెండు పూటల భోజనం ఖర్చు. మిగిలిన డబ్బుతో ట్రాక్ డేకి వెళ్లండి.

రెండో_గేర్

నాకు ల్యాప్‌టాప్ తెరిచే ఓపిక ఉందనే అనుకుంటున్నాను, పగలంతా చేసే పని అదే కదా. కానీ పాడక్‌లో కష్టమే. సాయంత్రం ఇంటికొచ్చాక చూస్తాను.

లాటరల్ బ్రో, 10 హెర్ట్జ్‌కీ 25కీ నిజంగా తేడా తెలుస్తుందా? లేక ఫోన్ కెమెరా మెగాపిక్సెల్స్ బాపతేనా?

లాటరల్_జీ

కొంచెం నిజం, కొంచెం మార్కెటింగ్. లెక్క వేద్దాం.

గంటకు 100 మైళ్లంటే సెకనుకు దాదాపు 45 మీటర్లు. ఫోన్ సొంత జీపీఎస్ మామూలుగా సెకనుకు ఒక్కసారే ఇస్తుంది. అంటే రెండు చుక్కల మధ్య 45 మీటర్ల ఖాళీ. మీరు బ్రేక్ వేయడం, కారు తిప్పడం అన్నీ ఆ ఖాళీలోనే అయిపోవచ్చు. 10 హెర్ట్జ్ అయితే 4.5 మీటర్లకో చుక్క. 25 అయితే 1.8 మీటర్లు. ఒకటి నుంచి పదికి పోవడం పగలూ రాత్రీ అంత తేడా. పది నుంచి ఇరవై ఐదుకి పోతే మనలాంటివాళ్లకు గ్రాఫ్ కాస్త నునుపవుతుంది, బ్రేక్ వేసిన చోటు కాస్త కచ్చితంగా తెలుస్తుంది. 10 హెర్ట్జ్ చాలదనే మాట మాత్రం తప్పు. ల్యాప్ టైం దగ్గర అయితే భయమే వద్దు, ఫినిష్ లైన్‌కి అటూ ఇటూ ఉన్న చుక్కల నుంచి మధ్య క్షణాన్ని సాఫ్ట్‌వేర్ లెక్కగడుతుంది.

ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది. జీపీఎస్ చెప్పే స్థానం కంటే అది చెప్పే వేగం ఎక్కువ నమ్మకమైనది. వేగాన్ని డాప్లర్ మార్పు నుంచి లెక్కగడతారు కాబట్టి అందులో తప్పు బాగా తక్కువ. స్థానం మాత్రం మీటరు రెండు మీటర్లు ఈజీగా అటూ ఇటూ అవుతుంది. అందుకే మ్యాప్ మీద గీత చూసి "ఈ ల్యాప్‌లో అపెక్స్ (టర్ను లోపలి అంచుకు తగలాల్సిన చోటు) అడుగు దూరంలో మిస్సయ్యాను" అనుకోకండి. ఆ సంగతి చెప్పాల్సింది వీడియో. వేగం గ్రాఫ్‌ను నమ్మండి, గీతను నమ్మకండి.

ఓరుగల్లు_రోటర్ (హైదరాబాద్)

మా దగ్గర ట్రాక్ అంటే మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూటే. ఇరుంగాట్టుకోట్టై, 3.717 కిలోమీటర్లు, 12 టర్నులు. 2023లో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ పరుగెత్తింది గానీ, మా కారు తిప్పుకోవాలంటే రాత్రంతా డ్రైవ్ చేసి చెన్నై పోవాల్సిందే. కారు పోలో జీటీ.

నేను వాడేది రేస్‌బాక్స్ మినీ, ఆండ్రాయిడ్ ఫోన్. లాటరల్ అన్న చెప్పినట్టే పైసా వసూల్. ఒక్క మాట: ఎండ. అద్దానికి ఫోన్ అతికించి మే నెలలో ట్రాక్‌లోకి దిగితే రెండో సెషన్‌కే ఫోన్ వేడెక్కి చీకటైపోతది. యాప్ ఆగిపోతది, డేటా గోవిందా. ఇప్పుడు ఫోన్‌ని ఏసీ వెంట్ ముందు పెడుతున్నా. డబ్బా ఒక్కటే డాష్ మీద.

కార్టింగ్ నుంచి వచ్చినవాళ్లకు మైక్రాన్ ల్యాప్ టైమర్ అలవాటే కదా, అదీ ఎయిమ్ వాళ్లదే. వాళ్ల రేస్ స్టూడియో సాఫ్ట్‌వేర్ చేతికి వచ్చినవాడు ఇంకోటి ముట్టడు. నేను ముట్టిన, ఎందుకంటే సోలో ఇండియాకి తెప్పించుకునే ధర చూసి కళ్లు తిరిగినయ్.

కాకినాడ_కాయిల్‌ఓవర్ (మిల్టన్ కీన్స్)

అందరూ హెర్ట్జుల్లో మునిగిపోయారు గానీ, ఒక విషయం ఎవరూ అనలేదండి. మా యూకేలో మామూలు ట్రాక్ డేల్లో ల్యాప్ టైమింగ్ నిషేధం. పొద్దున్న బ్రీఫింగ్‌లోనే చెప్పేస్తారు. టైం పెట్టుకుంటే అది పోటీ అవుతుంది, పోటీ అయితే ఇన్సూరెన్స్ లెక్క మారిపోతుంది. డాష్ మీద ల్యాప్ టైమర్ మెరుస్తూ కనిపిస్తే మార్షల్ వచ్చి తీసేయమంటాడు. బెడ్‌ఫర్డ్ ట్రాక్‌లో నా కళ్ల ముందే ఒకాయన చేత తీయించారు. అమెరికాలో ఎలాగో మీరే కనుక్కోండి.

రెండో_గేర్

ఇది నాకు తట్టనే లేదు. మా నిర్వాహకులు ఎప్పుడూ ఏమీ అనలేదు. సగం కార్లలో ఏదో ఒకటి కనిపిస్తుంది.

పెన్నా_ఒడ్డు

ఇక్కడ నిర్వాహకుణ్ణి బట్టి. కొందరు పట్టించుకోరు, కొందరు టైం కొలిచే ట్రాన్స్‌పాండర్లు కూడా అద్దెకిస్తారు. కొన్ని క్లబ్బుల డ్రైవర్ ఎడ్యుకేషన్ ఈవెంట్లలో మాత్రం టైమింగ్‌కి ఒప్పుకోరు. నియమావళి చదువు. అంతకంటే ముఖ్యం, ట్రాక్ డే ఇన్సూరెన్స్ తీసుకునే అలవాటుంటే పాలసీ చదువు. చాలా పాలసీల్లో పోటీలకీ టైమ్డ్ ఈవెంట్లకీ వర్తించదని రాసి ఉంటుంది. నీ సొంత లాగర్ పెట్టుకున్నంత మాత్రాన ఈవెంట్ టైమ్డ్ అయిపోతుందా అంటే, ఆ మాట పాలసీ ఇచ్చినవాళ్లనే అడిగి రాతపూర్వకంగా తీసుకో. మనం ఇక్కడ చెప్పుకునే తీర్పులు గోడకి ఢీకొన్న రోజు పనికిరావు.

నియమాల సంగతి ఎలా ఉన్నా, నేను నేర్పేవాళ్లకు చెప్పేది ఒకటే: డ్రైవ్ చేస్తుండగా తెర మీద ప్రిడిక్టివ్ టైం (బెస్ట్ ల్యాప్ కంటే ఎంత వెనకో ముందో చూపేది) పెట్టుకోవద్దు. ఎర్రగా ప్లస్ 0.4 కనబడగానే తర్వాతి టర్నులో ఆ 0.4 రాబట్టుకోవాలని చూస్తారు. ఆ టర్ను పోతుంది, దాని తర్వాతదీ పోతుంది. తెర ఆపెయ్, లేదా సీటు వెనక పడెయ్. డేటా కారు ఆగాకే చూడు.

విశాఖ_వేగం (హ్యూస్టన్)

నాది సీ8 కార్వెట్. ఇందులో కంపెనీ రికార్డర్ ఉంది కాబట్టి కొనే బాధ తప్పింది. షెవర్లే ఈ పెర్ఫార్మెన్స్ డేటా రికార్డర్‌ని కాస్వర్త్‌తో కలిసి చేయించి 2015 మోడల్ కార్వెట్లలో మొదలుపెట్టింది. బటన్ నొక్కితే వీడియో, దాని మీదే వేగం, గేరు, థ్రాటిల్, బ్రేక్, స్టీరింగ్ అన్నీ వచ్చేస్తాయి. పోర్షే కొనేవాళ్లకు ట్రాక్ ప్రెసిషన్ యాప్ ఉంది. కాబట్టి కారు ఇంకా కొననివాళ్లు ఇది కూడా ఒక లెక్కలో పెట్టుకోండి.

రెండో_గేర్ గారికి నేను చెప్పేది: ఏది కొన్నా వీడియో కలిసి ఉండాలి. ఆస్టిన్‌లోని కోటా ట్రాక్‌లో టర్న్ 1 పెద్ద ఎత్తు ఎక్కి ఎడమకి తిరుగుతుంది, అపెక్స్ పైకి వెళ్లేదాకా కనబడదు. అక్కడ నా వేగం ప్రతి ల్యాప్‌లో ఒక్కో రకంగా ఉండేది. గ్రాఫ్ "తేడా ఉంది" అని చెప్పింది, ఎందుకో చెప్పలేదు. వీడియో చూస్తే, కొన్ని ల్యాపుల్లో స్టీరింగ్ తిప్పడం మొదలెట్టేసరికి నేను ఇంకా రోడ్డు మధ్యలోనే ఉన్నాను, కుడి అంచుకు వెళ్లనే లేదు. గ్రాఫ్‌లో ఇది ఎంత వెతికినా దొరకదు.

గుంటూరు_గ్రిప్ (అట్లాంటా)

ఇంటర్మీడియట్ డ్రైవర్‌కి లాగర్ ఎందుకు? ఆ డబ్బు పెట్టి రోజంతా పక్కన కూర్చునే కోచ్‌ని పెట్టుకోమనండి. లేదా కొత్త టైర్లు. రెండూ నిలబడి పనిచేస్తాయి. మేం నేర్చుకున్నప్పుడు ఇవేం లేవు.

పెన్నా_ఒడ్డు

కోచ్ మాట నిజమే, కాదనను. కానీ మంచి కోచ్ వచ్చి అడిగే మొదటి ప్రశ్న "నీ డేటా ఏది" అనే. టైర్ల మాట ఒప్పుకోను. టైరు మారిస్తే 2:16 కాస్తా 2:14 అవుతుంది, పారబోసుకునే ఐదు సెకన్లు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి.

లాటరల్_జీ

బ్రేక్ ప్రెషర్ గురించి ఒక మాట, ఎందుకంటే నేను కారు నుంచి డేటా తీయమంటున్నది దానికోసమే.

మామూలు ఓబీడీలో వచ్చేవి ఆర్పీఎం, థ్రాటిల్, వేగం, కూలెంట్ ఉష్ణోగ్రత లాంటివి. ప్రశ్న అడిగి జవాబు తెచ్చుకోవడం కాబట్టి నెమ్మది, ఎన్ని ఎక్కువ అడిగితే అంత నెమ్మది. ఆ పోర్టుకి పెట్టే చవక ఈఎల్ఎం327 అడాప్టర్ నకళ్లయితే మరీ అధ్వానం. ఓబీడీలింక్ ఎంఎక్స్ ప్లస్ లాంటిది కొంచెం నయం. బ్రేక్ ప్రెషర్, స్టీరింగ్ కోణం ఆ ప్రామాణిక జాబితాలో ఉండవు. అవి క్యాన్ బస్ మీద తిరుగుతుంటాయి, అక్కడి నుంచి నేరుగా వినాలి. కొత్త కార్లు చాలావాటిలో ఓబీడీ పోర్టుకీ అసలు బస్‌కీ మధ్య గేట్‌వే ఉంటుంది, పోర్టు దగ్గర ఏమీ వినబడదు. వేరే చోట వైరు కలపాలి. సోలో 2 డీఎల్‌లో డీఎల్ అంటే ఇదే, ఈసీయూకి (ఇంజన్ కంప్యూటర్‌కి) కలిపేది. రేస్‌క్రోనోతో అయితే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు, క్యాన్ చిప్ కలిపి బ్లూటూత్‌లో పంపే ఓపెన్ సోర్స్ కోడ్ ఉంది. నేను అదే చేసుకున్నాను. సోల్డరింగ్ వచ్చినవాళ్లకు ఒక వీకెండ్ పని.

పెన్నా_ఒడ్డు

బ్రేక్ సెన్సర్ లేకపోయినా పర్లేదు తమ్ముడూ. వేగం గీత కిందికి ఎంత నిటారుగా పడుతోందో అదే నీ బ్రేక్. వాలుగా పడితే మెల్లగా తొక్కుతున్నట్టు.

లాటరల్_జీ

గట్టిగా తొక్కినప్పుడు సరే సార్. కానీ యాక్సిలరేటర్ వదిలేసి ఊరికే దొర్లడానికీ, బ్రేక్ మీద కాలు ఆనించి ఉంచడానికీ వేగం గీతలో తేడా దాదాపు ఉండదు. చాలామంది పారేసుకునేది అక్కడే.

పెన్నా_ఒడ్డు

రెండిట్లో ఏదైనా మందు ఒకటే కదా, ఆ పని మానెయ్యడం. సరే, నీ మాట పది శాతం ఒప్పుకున్నాను.

రెండో_గేర్

అప్‌డేట్. మొన్న థండర్‌హిల్‌లో ఒక స్నేహితుడి దగ్గర రేస్‌బాక్స్ అప్పు తీసుకుని ఒక రోజంతా తిప్పాను. నా బెస్ట్ ల్యాప్ నుంచి రెండు చోట్లు పెడుతున్నాను. చదివి పెట్టండి.

టర్న్ 14కి ముందు: వేగం గంటకు 107 మైళ్ల దాకా ఎక్కింది. తర్వాత 0.7 సెకన్ల పాటు మెల్లగా 104కి జారింది. అప్పుడు పడిపోవడం మొదలైంది. ఆ బ్రేకింగ్ సగటున 0.75 జీ (గురుత్వ త్వరణంలో ముప్పావు వంతు). టర్నులో అతి తక్కువ వేగం 46. ఇదే ల్యాప్‌లో టర్న్ 10 దగ్గర మాత్రం 0.95 జీ చూపిస్తోంది.

టర్న్ 2, ఆ పొడుగాటి ఎడమ తిప్పు: వేగం 58, 55, 57, 54, 56. గీత రంపం పళ్లలా ఉంది.

లాటరల్_జీ

నోరూరించే డేటా. టర్న్ 14 చూద్దాం.

0.7 సెకన్లు ఊరికే దొర్లారు. ఆ వేగంలో అది సుమారు 33 మీటర్లు. తర్వాత, ఈ టైర్లు 0.95 జీ ఆపగలవని టర్న్ 10 దగ్గర మీరే చూపించారు, ఇక్కడ 0.75తోనే ఆపారు. 104 నుంచి 46కి తగ్గడానికి 0.75 జీతో దాదాపు 118 మీటర్లు పడుతుంది, 0.95తో 93. ఇక్కడే పాతిక మీటర్ల తేడా. దొర్లకుండా 107 నుంచే 0.95తో ఆపితే 100 మీటర్లు చాలు కాబట్టి, మొత్తం మీద దగ్గర దగ్గర 50 మీటర్లు ముందుగా గ్యాస్ వదిలేస్తున్నారు. అంటే అంత దూరం ముందుకు వెళ్లి తొక్కినా కారు అదే వేగానికి వస్తుంది.

ఓరుగల్లు_రోటర్

50 మీటర్లా! అన్నా, అక్కడ ఒక ఇల్లు కట్టొచ్చు.

పెన్నా_ఒడ్డు

ఆగండాగండి. ఆ 50 మీటర్లు వాడుకుంటే ఎంత టైం వస్తుందో కూడా లెక్క వెయ్యి లాటరల్, ఊరికే ఊరించకు.

లాటరల్_జీ

వేశాను. ఇప్పుడు గ్యాస్ వదిలిన దగ్గర నుంచి టర్న్ దాకా 150 మీటర్ల పైచిలుకు, 4.2 సెకన్లు. 107 అలాగే పట్టుకుని ఆలస్యంగా 0.95తో ఆపితే అదే దూరం 4.0. దాదాపు పావు సెకను.

పెన్నా_ఒడ్డు

అదీ. పావు సెకను. ఇందుకే లెక్క వెయ్యమన్నాను. లాగర్ కొన్న ప్రతివాడూ మొదట పట్టుకునేది లేట్ బ్రేకింగే, ఎందుకంటే గ్రాఫ్‌లో కొట్టొచ్చినట్టు కనబడుతుంది, చేసి చూపిస్తే పౌరుషంగా కూడా ఉంటుంది. 50 మీటర్లు లోపలికి దూకి ఒక్క చక్రం లాక్ అయితే అన్నిటికన్నా ఖరీదైన పావు సెకను అదే. అసలు ఆ పావు సెకను టర్న్ 15 బయటికి రెండు మైళ్లు ఎక్కువ వేగంతో వచ్చినా దొరుకుతుంది, ఎందుకంటే ఆ ఎక్కువ వేగంలో కొంత స్ట్రెయిట్ పొడుగునా నీతోనే వస్తుంది. 14లోకి దూకితే 15 పాడవుతుంది. వచ్చిన పావు సెకను అక్కడే తిరిగిచ్చేస్తావు.

నువ్వు చేయాల్సింది ఈ వరసలో చెయ్యి తమ్ముడూ. బ్రేక్ పాయింట్ కదపొద్దు. అదే చోట, ఆ దొర్లుడు లేకుండా, కాలు నేరుగా గ్యాస్ నుంచి బ్రేక్‌కి మార్చి ఇప్పటికన్నా గట్టిగా తొక్కు. కారు టర్నుకి చాలా ముందే నెమ్మదించిపోయి నీకే విసుగొస్తుంది. అప్పుడు కొంచెం కొంచెంగా ముందుకు జరుపు. ప్రతిసారీ 15 ఎగ్జిట్ వేగం చూడు. అది తగ్గిందా, వెనక్కి రా.

ఇక టర్న్ 2. నన్నడిగితే నీ డబ్బు ఇక్కడుంది. ఆ రంపం పళ్లంటే నువ్వు గ్యాస్ వేస్తున్నావు, ముందు చక్రాలు జారితే వదిలేస్తున్నావు, మళ్లీ వేస్తున్నావు. పొడుగు టర్ను కాబట్టి అందులో గడిపే టైం ఎక్కువ, ఒక్క మైలు తేడా కూడా గట్టిగానే లెక్కకొస్తుంది. లోపలికి 58తో కాదు, 56తో వెళ్లు. వెళ్లి, కాలు కదపకుండా 56 దగ్గరే ఉంచి చూడు. గీత తిన్నగా రావాలి. వచ్చాక 57 అడుగు.

విశాఖ_వేగం

పెన్నా గారు, చిన్న సందేహం. యాప్‌లో థియరెటికల్ బెస్ట్ అని చూపిస్తుంది కదా, నాది అసలు ల్యాప్ కన్నా సెకనున్నర తక్కువ. అది నమ్మొచ్చా?

పెన్నా_ఒడ్డు

అన్ని సెక్టార్లలో (ట్రాక్ భాగాల్లో) బెస్ట్ ముక్కలు తెచ్చి కలిపేది అయితే నమ్మకు. ఒక సెక్టార్ చివర్లో బ్రేకే వేయకుండా దూసుకుపోయిన ల్యాప్ కూడా అందులో "బెస్ట్" అయిపోతుంది, తర్వాతి సెక్టార్‌లో గడ్డిలోకి పోయినా సరే. గార్మిన్ వాళ్లు ట్రూ ఆప్టిమల్ అని పేరు పెట్టిందాంట్లో, నిజంగా ఒకదాన్నుంచి ఒకదానికి నడపగలిగే ముక్కల్నే అతుకుతామంటారు. ఆ విషయంలో అది మెరుగు. మామూలు యాప్‌లో అయితే సెక్టార్లు నువ్వే పెట్టుకో, గీతలు స్ట్రెయిట్ల మధ్యలో గీయి, బ్రేకింగ్ జోన్‌లో గీయకు.

లాటరల్_జీ

దీనికి తోడు ఇంకొకటి. రెండు ల్యాపులు పోల్చేటప్పుడు అడ్డ గీత మీద దూరం ఉండాలి, టైం కాదు. టైం పెడితే మొదటి టర్నులో వచ్చిన తేడా ల్యాపంతా గీతల్ని పక్కకు నెట్టేస్తుంది, టర్న్ 8ని టర్న్ 9తో పోలుస్తుంటారు. కింద డెల్టా గీత (రెండు ల్యాపుల టైం తేడా) పెట్టుకుని, అది ఎక్కడ ఎక్కుతోందో అక్కడికే వెళ్లి పైన వేగం చూడండి. మిగతా ల్యాప్ చూడక్కర్లేదు.

రెండో_గేర్

చాలా థాంక్స్ అందరికీ. టర్న్ 2 సంగతి కలలో కూడా అనుకోలేదు. అక్కడ నేను ఫాస్ట్ అనుకునేవాణ్ణి, టైర్లు బాగా అరుస్తాయి కదా.

ఇక ఏది కొనాలి? ఎండ గురించి ఓరుగల్లు అన్న చెప్పింది నిజమే, థండర్‌హిల్ ఉన్న విల్లోస్‌లో నా ఐఫోన్ మధ్యాహ్నం సెషన్‌లో మూర్ఛపోయింది. కాటలిస్ట్ ఆకర్షణ ఇంకా పోలేదు, ఒప్పుకుంటాను. కానీ వేరేవాళ్ల ల్యాప్ పక్కన పెట్టుకుని చూడటం, ఇలా మీ ముందు పెట్టడం నాకు ఎక్కువ పనికొచ్చేలా ఉంది.

లాటరల్_జీ

అయితే రేస్‌బాక్స్ మినీ ఎస్ తీసుకోండి. దానికి సొంత మెమరీ ఉంది, ఫోన్ లేకుండానే రికార్డ్ చేసుకుంటుంది. ఫోన్ సంచిలో చల్లగా ఉంటుంది, సెషన్ అయ్యాక లాక్కోండి. డాష్ మీద అద్దం కింద, ఆకాశం కనబడే చోట పెట్టండి. మీ కారుకి లేదు గానీ, లోహపు పూత ఉన్న విండ్‌షీల్డ్ కార్లలో సిగ్నల్ దెబ్బతింటుంది, వాటికి బయట యాంటెన్నా మేలు. డబుల్ టేప్‌తో వదిలేయకుండా ఒక తాడు కూడా కట్టండి. టెక్ ఇన్‌స్పెక్షన్‌లో ఊగేది ఏది కనబడినా పీకేయిస్తారు.

వీడియోకి యాక్షన్ కెమెరా సీట్ల మధ్య నుంచి, స్టీరింగూ చేతులూ కనబడేలా పెట్టుకోండి. ఒక్క రోడ్డే కనబడితే సగం ఉపయోగం పోతుంది. క్యాన్ తర్వాత చూద్దాం, నా దగ్గర ఒక బోర్డు అదనంగా ఉంది.

కాకినాడ_కాయిల్‌ఓవర్

వీబాక్స్ లాగర్ పేరు ఎవరూ ఎత్తలేదు, మా ఊరి పక్క బకింగ్‌హమ్ వాళ్లదండి, ఊరి అభిమానంతో అడుగుతున్నాను.

పెన్నా_ఒడ్డు

వీబాక్స్ హెచ్‌డీ2 అద్భుతమైన సరుకు. రెండు కెమెరాలు, డేటా, సర్క్యూట్ టూల్స్ సాఫ్ట్‌వేర్, అన్నీ ఒక్కచోట. ఈ అబ్బాయి బడ్జెట్‌కి అందదు. రేసింగ్‌లోకి దిగాక మాట్లాడదాం.

రెండో_గేర్

మినీ ఎస్ ఆర్డర్ పెట్టేశాను, రేస్‌క్రోనో ప్రో కొన్నాను. మా నిర్వాహకులకు టైమింగ్ గురించి మెయిల్ చేశాను: ప్రాక్టీస్ కోసం రికార్డ్ చేసుకోవచ్చు, తెర మీద చూపించకూడదు అన్నారు. ఇన్సూరెన్స్ వాళ్ల జవాబు ఇంకా రాలేదు.

ఓరుగల్లు_రోటర్

కంగ్రాట్స్ అన్నా. ఒకటి అడుగుతా, ఏమనుకోకు. సంక్రాంతికి ఇండియా వస్తున్నవా? నా మినీ పాత మోడల్, మెమరీ లేదు. మినీ ఎస్ ఒకటి సూట్‌కేసులో పడేసి తెస్తే డబ్బులు ఇప్పుడే పంపిస్తా.

రెండో_గేర్

వస్తున్నాను అన్నా, జనవరి మొదటి వారం. ఒక సూట్‌కేసు ఆల్రెడీ మా అత్తగారి మిక్సీ జార్లకి బుక్ అయిపోయింది. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దదే కదా, హ్యాండ్ బ్యాగేజీలో పెడతాను. పర్సనల్ మెసేజ్ చెయ్.

గుంటూరు_గ్రిప్

ఇన్ని చెప్పారు, ఇంతకీ ఆ మినీ ఎస్ ఎంతకొచ్చిందండీ? ఊరికే అడుగుతున్నా.